నిమ్మకాయ చిట్కాల్లో ఏవి పనిచేస్తాయి, ఏవి చెయ్యవు

మీరు అడిగింది ఇదీ: పెరట్లో నిమ్మచెట్టు విరగకాసింది, పచ్చడి పెట్టి, వీధంతా పంచాక కూడా బుట్టెడు మిగిలాయి. ఫోన్ తెరిస్తే నిమ్మకాయతో ముఖం తెల్లబడుతుందని ఒకరు, బాత్‌రూం తళతళలాడుతుందని ఇంకొకరు చెబుతున్నారు, మీ అత్తగారేమో పరగడుపున నిమ్మరసం తాగితే షుగరు దిగుతుందంటున్నారు. వీటిలో ఏది నమ్మాలి?

ముందు జవాబు చెప్పేస్తాను. ఇల్లు శుభ్రం చెయ్యడానికి నిమ్మ పనికొస్తుంది, వంటింట్లో ఇంకా బాగా పనికొస్తుంది. ముఖానికి మాత్రం రాయకండి, జబ్బుకి మందులా తాగకండి. ఒకటి రెండు మినహాయింపులున్నాయి, కింద వస్తాయి.

నేను ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పి రిటైరైనదాన్ని. పుట్టిల్లు గూడూరు వైపు, మా నాన్నకి నిమ్మతోట ఉండేది. ఏ చిట్కా కనబడినా నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఇక్కడ పులుపుకి పనేముంది? నిమ్మరసంలో నూటికి ఐదారు పాళ్ళు సిట్రిక్ ఆమ్లం ఉంటుంది, మిగిలింది దాదాపు అంతా నీళ్ళే. సున్నం లాంటివాటిని కరిగించడం, లోహం మీద చిలుము తియ్యడం, నీచు వాసన కట్టెయ్యడం ఆమ్లం చేసే పనులు, కాబట్టి నిమ్మ చేస్తుంది. నూనె జిడ్డు వదిలించడం ఆమ్లం పని కాదు, దానికి సబ్బు కావాలి. ఈ తేడా తెలిస్తే సగం వీడియోలు చూడక్కర్లేదు.

శుభ్రం సంగతి ముందు. బోరు నీళ్ళు వాడే ఇంట్లో బకెట్లకి, కుళాయిలకి, స్నానాల గది అద్దానికి, నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా గరుగ్గా పట్టేది చాలావరకు కాల్షియం కార్బనేట్ అనే సున్నపు పదార్థం. సబ్బుతో ఎంత తోమినా అది పోదు, చేతులు నొప్పులు పుట్టడం తప్ప. రసం పిండేసిన నిమ్మడొప్పతో రుద్ది పావుగంట వదిలెయ్యండి, చిన్న బుడగలు వస్తాయి, అంటే కరుగుతోందని అర్థం. తరవాత పీచుతో ఒక్కసారి తోమితే చాలు. షవర్ చిల్లులు పూడుకుపోతే నిమ్మరసం కలిపిన నీళ్ళు పాలిథిన్ కవర్లో పోసి, షవర్ తల మునిగేలా కట్టి ఒక గంట ఉంచండి. నీళ్ళు కాచే హీటర్ రాడ్డుకి పట్టిన పొర కూడా ఇలాగే పోతుంది, ప్లగ్గు పీకేశాకే సుమా.

అయితే ఇక్కడ ఒక మాట. ఈ పనులకి నిమ్మకాయలే అక్కర్లేదు. కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు అని అమ్ముతారు కదా, అది అచ్చంగా సిట్రిక్ ఆమ్లమే. 1784లో షీలే అనే శాస్త్రవేత్త మొదటిసారి దాన్ని నిమ్మరసం నుంచే విడదీశాడు, ఇప్పుడు మాత్రం ఫ్యాక్టరీల్లో చక్కెర ద్రావణం మీద ఒక రకం బూజు పెంచి తీస్తున్నారు. లీటరు గోరువెచ్చని నీళ్ళలో రెండు మూడు చెంచాలు కలిపితే నిమ్మరసం చేసే పనంతా చేస్తుంది, తొనలూ గింజలూ అడ్డం రావు, రసంలోని చక్కెర వల్ల వచ్చే జిగట ఉండదు. 2022 ఏప్రిల్లో కాయ పది రూపాయలు పలికినప్పుడు కూడా కొందరు దాంతో సింకు తోమే వీడియోలు పెట్టారు, చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంది. మీకు చెట్టుంది కాబట్టి వాడుకోండి, కాని రసం వంటకి ఉంచుకుని డొప్పలు శుభ్రానికి వాడండి.

ఇప్పుడు ఎవరూ చెప్పని విషయం. కడప బండ, తాండూరు బండ, బేతంచర్ల బండ, పాలరాయి, వీటి మీద నిమ్మ పడనివ్వకండి. ఇవన్నీ ప్రధానంగా కాల్షియం కార్బనేటే. బకెట్ మీది తెల్లపొరని ఏ గుణం కరిగిస్తుందో అదే గుణం మీ వంటింటి గట్టుని కూడా తింటుంది. మా పక్కింటావిడ నల్లటి కడప బండ గట్టు మీద నిమ్మకాయలు కోసి, రసం పడినచోట తుడవకుండా వదిలేసేది. నున్నగా ఉండే బండ మీద తెల్లటి మచ్చలు మచ్చలుగా గుర్తులు పడిపోయాయి. అవి మరకలు కాదు, రాయే కరిగిపోయింది, ఏ పొడితో తోమినా రాదు, మళ్ళీ పాలిష్ పట్టించాల్సిందే. మొజాయిక్ గచ్చులో కూడా పాలరాతి ముక్కలు, సిమెంటు ఉంటాయి కాబట్టి అదీ అంతే. గ్రానైటు కొంత తట్టుకుంటుంది, టైల్స్‌కి భయం లేదు గాని మధ్యన పెట్టిన తెల్ల సిమెంటు మెల్లగా పోతుంది.

ఇంకా ముఖ్యమైనది, దయచేసి పనిమనిషికి కూడా చెప్పండి. బ్లీచింగ్ పౌడర్ వేసిన చోట నిమ్మరసం గాని, నిమ్మ ఉప్పు గాని, మరే ఆమ్లం గాని పొయ్యకూడదు. క్లోరిన్ వాయువు బయటికి వస్తుంది. తలుపు మూసిన బాత్‌రూంలో అయితే ఊపిరాడక ఆస్పత్రి పాలవుతారు. రెండూ వాడాలనుకుంటే ఒకటి బాగా కడిగేసి మర్నాడు రెండోది వాడండి.

వంట సోడా, నిమ్మరసం కలిపి పొంగిస్తారు చూడండి, అది చూడ్డానికి తమాషాగా ఉంటుందే తప్ప ఆమ్లమూ క్షారమూ ఒకదాన్నొకటి చంపేసుకుని చివరికి మిగిలేది ఉప్పు లాంటి ఒక పదార్థం కలిసిన నీళ్ళే. పూడుకుపోయిన సింకు గొట్టంలో ఆ పొంగు కాస్త కదలిక తెస్తుందేమో, మరకలు తియ్యదు. సోడా విడిగా, నిమ్మ విడిగా వాడితేనే దేని పని అది చేస్తుంది.

రాగి, ఇత్తడి సామాను సంగతి మీకు తెలిసే ఉంటుంది. నిమ్మడొప్పని ఉప్పులో అద్ది రుద్దితే చిలుము వదులుతుంది, ఉప్పు ఊరికే గరుకు కోసం కాదు, అందులోని క్లోరైడు రాగి చిలుము కరగడానికి సాయం చేస్తుంది. నన్నడిగితే చింతపండే మెరుగు, గుజ్జు గిన్నెకి అంటుకుని నిలబడుతుంది, రసం జారిపోతుంది. ఏది వాడినా వెంటనే కడిగి పొడిగుడ్డతో తుడిచెయ్యాలి. ఇత్తడిని పులుపులో గంటలు గంటలు నానబెడితే అందులోని జింకు ముందు కరిగి గిన్నె ఎర్రెర్రగా అవుతుంది. వెండికి నిమ్మ వద్దు. పూత పూసిన సామానుకి అసలే వద్దు.

అల్యూమినియం కుక్కరు లోపల నల్లబడుతుంటే అడుగున పోసే నీళ్ళలో పిండేసిన నిమ్మచెక్క ఒకటి పడేస్తారు కదా, ఈ చిట్కా నూటికి నూరుపాళ్ళు నిజం. క్షార గుణం ఉన్న బోరు నీళ్ళు అల్యూమినియాన్ని నల్లబరుస్తాయి, కాస్త పులుపు ఆ గుణాన్ని విరిచేస్తుంది. అడుగున నీళ్ళలోనే గాని అన్నం గిన్నెలో కాదు.

తెల్లబట్టల మీద తుప్పు మరక పడితే నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెట్టి ఉతకండి, ఒక్కసారికి పోకపోతే మళ్ళీ. రంగు బట్టల మీద, పట్టు మీద ప్రయోగాలొద్దు. పసుపు మరకకి నిమ్మ పనిచెయ్యదు, దానికి విరుగుడు సబ్బు, ఎండ.

వంటింట్లో పులిహోర, పప్పు కాక నాలుగు పనులు చెబుతాను. చేపలు కడిగిన తరవాత చేతులకి, పీటకి, కత్తికి నిమ్మ రుద్దితే నీచు పోతుంది. ఆ వాసన ఒక క్షారానిది, ఆమ్లం తగలగానే ఆవిరవ్వని లవణంగా మారిపోతుంది కాబట్టి ముక్కుకి అందదు, అంటే ఇది కప్పిపుచ్చడం కాదు, నిజంగా పోగొట్టడమే. బోరు నీళ్ళతో వండితే అన్నం పచ్చగా వస్తోందా? ఎసట్లో నాలుగు చుక్కలు పిండండి, తెల్లగా వస్తుంది. అరటికాయ, బంగాళదుంప, ఆపిల్ ముక్కలు నల్లబడకుండా కాసిని నిమ్మనీళ్ళు చాలు. బెండకాయ వేపుడులో జిగట విరగాలంటే మధ్యలో ఒక చెంచా రసం. పాలు విరగ్గొట్టి పనీర్ చెయ్యడం అందరికీ తెలిసిందే.

చీమలు వచ్చే దారిలో తొక్కతో రుద్దితే వాటి బారు కాసేపు చెదురుతుంది, రేపు మళ్ళీ వస్తాయి. లవంగాలు గుచ్చిన నిమ్మకాయ పెడితే దోమలు పోతాయన్నది నమ్మకండి, దోమతెర కట్టుకోండి. స్టీలు డబ్బాల మీద అంటించిన లేబుల్ జిగురు మాత్రం తొక్కతో గట్టిగా రుద్దితే పోతుంది. అది రసం గొప్ప కాదు, తొక్కలోని నూనెది.

ఇక ముఖం. ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే అన్నిటికంటే ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతోంది.

మన దగ్గర దొరికే సన్నతొక్క గుండ్రటి కాయ కాగ్జీ నిమ్మ. విదేశీ వీడియోల్లో కనిపించే పెద్ద పసుపుపచ్చ కాయ వేరే జాతి. మన కాయ తొక్కలో, కొంత రసంలో కూడా, ఫ్యూరోకౌమరిన్లు అనే పదార్థాలుంటాయి. చర్మం మీద ఇవి ఉండగా ఎండ తగిలితే కాలినట్టు అవుతుంది. వెంటనే కాదు, ఒకటి రెండు రోజుల తరవాత ఎర్రబడుతుంది, కొందరికి బొబ్బలు లేస్తాయి, ఆ తరవాత నల్లటి మచ్చలు పడి వారాలు, ఒక్కోసారి నెలలు ఉంటాయి. తెల్లబడదామని రాసుకుంటే నల్లబడడం అంటే ఇదే.

నా స్టూడెంట్ ఒకబ్బాయి ఎండాకాలం చలివేంద్రంలో షర్బత్ కోసం పొద్దుటినుంచీ ఎండలోనే నిల్చుని నిమ్మకాయలు పిండాడు. రెండు రోజులకి మణికట్టు నుంచి మోచేతి దాకా రసం ఎలా కారిందో అలాగే గీతలు గీతలుగా నల్లగా తేలింది. వాళ్ళమ్మ ఏదో తగిలిందని దిష్టి తీయించి, తాయెత్తు కట్టించి, చివరికి చర్మం డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన చెయ్యి చూసి అడిగిన మొదటి మాట, “నిమ్మకాయలు పిండావా?” అని. మీరు కూడా ఎక్కువ కాయలు పిండిన రోజున ఎండలోకి వెళ్ళేముందు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోండి.

“మరి సి విటమిన్ సీరమ్‌లు అంత ఖరీదు పెట్టి కొంటున్నారు కదా, అదే నిమ్మలో ఉంది కదా” అని నన్ను చాలామంది అడుగుతారు. ఆ సీరమ్‌లలో సి విటమిన్ సాధారణంగా నూటికి పది నుంచి ఇరవై పాళ్ళు ఉంటుంది. వంద గ్రాముల నిమ్మరసంలో ఉండేది 30-40 మిల్లీగ్రాములు, అంటే నూటికి 0.04 పాళ్ళు మించదు. మీరు ముఖానికి రాస్తున్నది సి విటమిన్ కాదు, సిట్రిక్ ఆమ్లం. పీహెచ్ అంటే పులుపుని కొలిచే అంకె, అది తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. చర్మం పీహెచ్ ఐదు దగ్గర ఉంటుంది, నిమ్మరసానిది రెండు దగ్గర. మూడంకెల తేడాయే కదా అనుకోకండి, ఒక్కో అంకెకి పదిరెట్లు, అంటే వెయ్యి రెట్ల పులుపు. శనగపిండిలో, పెరుగులో కలిపితే ఘాటు తగ్గుతుంది గాని ఎండ ముప్పు పోదు.

మెడ నల్లగా ఉందని నిమ్మచెక్క, పంచదారతో రుద్దే అమ్మాయిలకి ప్రత్యేకంగా చెబుతున్నాను. మెడ వెనక, చంకల్లో మందంగా, ముఖమల్ గుడ్డలా నల్లబడితే అది మురికి కాదు. చాలాసార్లు ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యడం లేదని చెప్పే గుర్తు. రుద్దడం ఆపి షుగర్ పరీక్ష చేయించుకోండి.

పళ్ళకి నిమ్మ, ఉప్పు రుద్దితే ఆ రోజుకి తెల్లగా కనిపిస్తాయి, ఎందుకంటే పై పొర కరిగింది. నోట్లో పీహెచ్ ఐదున్నర కంటే కిందికి దిగితే పంటి ఎనామిల్ కరగడం మొదలవుతుంది, పోయిన ఎనామిల్ మళ్ళీ పెరగదు. చుండ్రుకి నిమ్మ రాస్తే మాడు మండుతుంది, పొట్టు కాస్త రాలుతుంది, కారణమైన ఫంగస్ అక్కడే ఉంటుంది. మందుల షాపులో కీటోకొనజోల్ షాంపూ దొరుకుతుంది, అది వాడండి.

అందంలో నిమ్మకి నిజంగా చోటున్నది రెండు చోట్ల. ఒకటి గోరింటాకు. ఆకుపొడిలో కాస్త నిమ్మరసం పోసి కొన్ని గంటలు నాననిస్తే రంగునిచ్చే పదార్థం బాగా బయటికొస్తుంది, పెట్టుకున్నాక ఆరిపోయి రాలకుండా పైన నిమ్మరసం, పంచదార పాకం అద్దితే చేతికి ఇంకాసేపు అంటుకుని ఉండి ఎర్రగా పండుతుంది.

రెండోది కుంకుమ, ఇది నాకు చాలా ఇష్టమైన కెమిస్ట్రీ పాఠం. పసుపు కొమ్ములు ముక్కలుగా కొట్టి, నిమ్మరసంలో వెలిగారం (బోరాక్స్), పటిక కలిపి అందులో నానబెట్టి, నీడన ఆరబెట్టి, దంచి జల్లెడ పడితే ఎర్రటి కుంకుమ వస్తుంది. సున్నం కలిపినా పసుపు ఎర్రబడుతుంది, పారాణి అలా వచ్చేదే, కాని దాని మీద నిమ్మ పిండితే మళ్ళీ పచ్చబడిపోతుంది. వెలిగారంతో వచ్చే ఎరుపు అలా కాదు, పులుపులో పుట్టిన రంగు కాబట్టి పులుపుకి చెదరదు. మీ దగ్గర బుట్టెడు కాయలున్నాయి కదా, చేసి చూడండి. వెలిగారం నోట్లోకి పోకూడదు, చిన్నపిల్లలకి అందకుండా పెట్టండి, చేసిన గిన్నె వంటకి వాడకండి.

ఇప్పుడు మీ అత్తగారి సంగతి. ఆవిడకి సున్నితంగా చెప్పండి: అన్నంతో పాటు పులుపు తింటే పిండిపదార్థం అరిగే వేగం కాస్త తగ్గొచ్చు, అంతకుమించి నిమ్మరసం షుగరు మందు కాదు. మాత్ర మానెయ్యకూడదు, అందులో తేనె అసలే వెయ్యకూడదు. పెద్ద చెంచాడు తేనెలో అరవై కేలరీల పైనే ఉంటాయి, బరువు తగ్గుదామని పొద్దున్నే తేనె నిమ్మనీళ్ళు తాగేవాళ్ళు ఇది లెక్కేసుకోరు. గుండెల్లో మంట, పుల్లతేన్పులు ఉన్నవాళ్ళకి పరగడుపున నిమ్మ ఇంకా ఇబ్బంది. గొంతు నొప్పికి గోరువెచ్చగా తాగితే హాయిగా ఉంటుంది, అంతే. ఏడాది నిండని పిల్లలకి తేనె పెట్టకూడదు.

కిడ్నీ రాళ్ళ విషయంలో మాత్రం నిమ్మకి నిజంగా పేరుంది. సిట్రిక్ ఆమ్లం నుంచి వచ్చే సిట్రేటు మూత్రంలో కాల్షియాన్ని పట్టుకుని రాయి కట్టనివ్వదు, అందుకే కాల్షియం రాళ్ళు వచ్చినవాళ్ళకి డాక్టర్లే నిమ్మరసం తాగమంటారు. ఉన్న రాయిని కరిగిస్తుందని కాదు, కొత్తది రాకుండా అడ్డుపడుతుందని. రోజుకి రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేలా నీళ్ళు తాగడం అంతకంటే ముఖ్యం. మనవాళ్ళు చేసే పొరపాటు ఏమిటంటే గ్లాసు నిమ్మనీళ్ళలో చారెడు ఉప్పు వెయ్యడం, ఉప్పు ఎక్కువైతే మూత్రంలో కాల్షియం పెరిగి రాయికి దారి సుగమం అవుతుంది. కిడ్నీలే దెబ్బతిన్నవాళ్ళు డాక్టర్ని అడగందే ఏదీ మొదలుపెట్టకండి.

రక్తం తక్కువ ఉన్న ఆడవాళ్ళకి నేను తప్పక చెప్పేది: తోటకూర పప్పు, రాగి సంగటి, శనగలు తినేటప్పుడు నిమ్మ పిండుకోండి. సి విటమిన్ తోడుంటే ఆకుకూరల్లోని ఇనుము బాగా ఒంటబడుతుంది. పొయ్యి మీంచి దించాకే పిండాలి, భోజనం అవగానే టీ తాగితే ఆ లాభం పోతుంది. సి విటమిన్ ఒక్కటే కావాలంటే ఉసిరికాయ ముందు నిమ్మ దిగదుడుపే, కాని ఉసిరి ఏడాది పొడుగునా దొరకదు. పిండిన రసాన్ని రాగి చెంబులో నిలవ ఉంచకండి. రాగి రసంలోకి దిగుతుంది, సి విటమిన్ పోతుంది. పూర్వం బ్రిటిష్ నౌకాదళం పెద్ద నిమ్మ మానేసి మన కాయ లాంటి చిన్న నిమ్మకి మారినప్పుడు ఆ రసంలో విటమిన్ తక్కువ, పైగా నిలవలో, రాగి గొట్టాల్లో ఉన్నది కూడా పోయి, నావికులకి స్కర్వీ, అంటే సి విటమిన్ లోపంతో వచ్చే జబ్బు, మళ్ళీ వచ్చింది.

విరేచనాలు, వడదెబ్బ నీరసానికి లీటరు కాచి చల్లార్చిన నీళ్ళకి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచి. చెంచా అంటే టీ చెంచా. నిమ్మ రుచి కోసమే, కొలత మాత్రం మార్చకండి. తిరుమల ఘాట్‌రోడ్డులో కడుపులో తిప్పితే నిమ్మకాయ వాసన చూడమంటారు, నష్టం లేదు, నాకైతే పనిచేస్తుంది. కంట్లో నిమ్మరసం చుక్క వెయ్యడం, కుక్క కరిచినచోట నిమ్మ రుద్దడం మాత్రం ఎవరు చెప్పినా వినకండి. కుక్కకాటుకి పావుగంట పాటు ధారగా నీళ్ళు, సబ్బుతో కడిగి అదే రోజు టీకాకి వెళ్ళాలి.

మిగిలిన కాయలు ఏం చెయ్యాలంటే, రసం పిండి గింజలు తీసి ఐస్ ట్రేల్లో గడ్డకట్టించి కవర్లో వేసి ఫ్రీజర్లో పెట్టండి, వేసవి దాకా ఉంటుంది, గడ్డ ఒకటి తీసి పప్పులో పడేసుకోవచ్చు. కాయల్లాగే ఉంచాలంటే తుడిచి, తడి లేకుండా మూత డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టండి, బయట గాలికి వదిలితే తొక్క ఎండి రాయిలా అవుతుంది. డొప్పలు కూడా పారెయ్యకండి, ఒక డబ్బాలో వేసి ఫ్రీజర్లోనే ఉంచి వారానికోసారి బకెట్లు తోమేటప్పుడు తీసుకోండి. కాకపోతే అవి కడప బండ గట్టు మీద పెట్టి మర్చిపోవద్దు.